ఆదెమ్మ చెంప మీది తెల్ల గింజలు

సోమందేపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్లో, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టే మనిషి ఆదెమ్మ. ఆ బడి ఎప్పుడు కట్టారో ఆమెకు తెలియదు గానీ, వంటగది గోడలకు పట్టిన మసి మాత్రం చాలావరకు ఆమె పొయ్యిదే. మొదట్లో కట్టెలతో వండింది. తర్వాత గ్యాసు వచ్చింది. మొగుడు ఈరప్ప ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద తోటపని చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఒక్కతే కూతురు పుష్ప ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో చీరలు విప్పి చూపించే పనిలో ఉంది. తోటి అమ్మాయిలతో కలిసి అక్కడే గది తీసుకుని ఉంటుంది.

ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి. ఆదెమ్మ లోకం అంతే. ఏ పిల్లకు కారం పడదో, ఏ పిల్లోడు గుడ్డులో పచ్చసొన తీసి పక్కోడి పళ్లెంలో వేస్తాడో ఆమెకు తెలుసు. రాగిజావ ఇష్టంలేని పిల్లల దగ్గర నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది.

ఆ ఊళ్లో ఆదెమ్మ చేతి అన్నం తినడం ఇష్టంలేని ఇళ్లు మొదటి నుంచీ రెండు మూడు ఉన్నాయి. ఎందుకు ఇష్టం లేదో అందరికీ తెలుసు. ఈ కాలంలో ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆ ఇళ్ల పిల్లలు కడుపునొప్పి అనో, ఆకలి లేదనో చెప్పి, ఇంటికిపోయి తినొచ్చేవాళ్లు. ఆదెమ్మ ఆ సంగతి ఎరగనట్టే ఉండేది.

ఆమెతో పాటు వంట చేసేది బాలమ్మ. వయసులో చిన్నది, పనిలో చురుకు. ఆదెమ్మను అక్కా అని పిలిచేది. ఒక చలికాలం పొద్దున అన్నం ఉడికాక ఇద్దరూ చెరోవైపు గుండిగ పట్టుకుని గంజి వారుస్తున్నారు. నేల తడిగా ఉంది. బాలమ్మ కాలు జారి గుండిగ కిందికే పడింది. మూత తొలగిపోయింది. ఆ క్షణంలో ఆదెమ్మ చేతులు వదిలేసి వెనక్కి దూకి ఉంటే ఆమెకేమీ అయ్యేది కాదు. కాగే గంజి మొత్తం బాలమ్మ మీద పడేది. ఆదెమ్మ వదలలేదు. గుండిగను తనవైపు లాక్కుంది. ఎగజిమ్మిన గంజి ఆమె ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా పడింది. నీళ్లయితే జారిపోతాయి. గంజి అతుక్కుంటుంది.

హెడ్మాస్టరు మురళి సారు పరుగెత్తుకొచ్చి ఆమెను కొళాయి కింద కూర్చోబెట్టాడు. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో పేస్టు పూయమన్నారు. "ఏమీ పూయొద్దండీ, నీళ్లు పడనీండి" అని ఆయన చాలాసేపు అలాగే నీళ్లు పోయించాడు. బడి కమిటీ పెద్ద తిమ్మప్ప, ఊళ్లో పదిమందికి చెప్పగల రైతు, తన కారు పంపాడు. ఆ కారులోనే ఆమెను పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు.

కంటికి ప్రమాదం తప్పిందన్నారు అక్కడ. బొబ్బలు లేచాయి, పగిలాయి, ఆరాయి. ఆ రోజుల్లో బాలమ్మ పొద్దూ మాపూ వచ్చి సంగటి కలిపి తినిపించేది.

"నా కోసరం నీ మొగం కాల్చుకుంటివి గదక్కా" అని ఏడ్చేది.

"నోరు మూసుకోమే. ముద్ద చల్లారుతాది" అనేది ఆదెమ్మ.

ఎండాకాలం సెలవుల నాటికి కాలిన తోలు ఊడిపోయి, కింద కొత్త చర్మం లేత గులాబీ రంగులో కనిపించింది. పెద్ద మచ్చేమీ మిగల్లేదని అందరూ సంతోషించారు.

బడి తెరిచిన కొత్తలో, ముఖం కడుక్కుంటుండగా ఆమె వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. అద్దంలో చూసుకుంది. కాలి మానిన చెంప మీద తెల్లటి గింజలు. చర్మం కింద ఎవరో బొంబాయి రవ్వ చల్లినట్టు ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. గోళ్లతో నొక్కితే బయటికి రాలేదు. చర్మం ఎండిపోయి ఇట్లయిందేమో అనుకుని రోజూ రెండుపూటలా కొబ్బరినూనె దట్టంగా పూసింది. గింజలు తగ్గకపోగా కంటి కిందికి కూడా పాకాయి.

సెలవు మీద వచ్చిన పుష్ప తల్లి ముఖం చూసి, తన సంచిలోంచి ఒక ట్యూబు తీసింది.

"ఇది పూయమ్మా. మా అంగట్లో ఆడపిల్లోళ్లంతా ఇదే పూస్తారు. మచ్చలు, గింజలు అన్నీ పోతాయి."

"డాక్టరు రాసిచ్చినాడా?"

"దీనికి డాక్టరేంటికి? మందుల షాపులో అడిగితే ఇస్తారు."

పుష్ప బుగ్గలు అప్పుడు నిగనిగలాడుతూ ఉండేవి. ఆదెమ్మ నమ్మింది. మొదటి వారాల్లో నిజంగానే చెంప తెల్లబడింది. తర్వాత ఎర్రబడింది. పొయ్యి ముందు నిలబడితే కారం పూసినట్టు మండేది. గింజలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

వానలు మొదలయ్యాక బడిలో ఒక పిల్లాడికి చేతివేళ్ల సందుల్లో గజ్జి లేచింది. ఆ తర్వాత వాళ్ల చెల్లెలికి. ఏటా ఆ రోజుల్లో ఎవరో ఒకరికి వచ్చేదే. ఈసారి మాత్రం ఊరి కళ్లు ఆదెమ్మ చెంప మీద పడ్డాయి. ఆమె దగ్గర అన్నం తినడం ఇష్టంలేని ఇళ్లకు ఇన్నేళ్లుగా పైకి చెప్పుకోవడానికి ఒక కారణం లేదు. ఇప్పుడు దొరికింది. వాళ్లు అన్న మాట మిగతావాళ్లకూ పాకింది. పిల్లల విషయం గనుక భయపడినవాళ్లను తప్పు పట్టడానికీ లేదు.

ఒకరోజు పప్పు ఉడుకుతుండగా తిమ్మప్ప వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెనక మురళి సారు, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు.

"ఏమ్మా ఆదెమ్మా, బాగుండావా?"

"బాగుండానప్పా."

"అదే... మొగం మీద లేచినాయే, అవి ఏమంట?"

"ఏమోనప్పా. కాలినచోటే వచ్చినాయి. నొప్పి గూడా లేదు."

తిమ్మప్ప భుజం మీది టవలు సర్దుకున్నాడు. "నాకేం లేదమ్మా. వీళ్లు అడుగుతాండారు. పిల్లోళ్ల తిండి గదా. తగ్గేదాకా ఇంటికాడ ఉండు. తగ్గినాక నువ్వే వద్దువు."

ఆదెమ్మ బాలమ్మ వైపు చూసింది. బాలమ్మ గరిటె పట్టుకుని పప్పులోకే చూస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"కొద్దిరోజులు చూద్దాంలే ఆదెమ్మా" అన్నాడు మురళి సారు. ఆయన కూడా ఆమె కళ్లలోకి చూడలేదు.

ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించింది. చేతులు కడుక్కుంది. పప్పులో ఇంకా ఉప్పు వేయలేదు. ఆ మాట చెప్పి పోదామనుకుంది. చెప్పకుండానే పోయింది.

సాయంత్రం ఈరప్ప వచ్చేసరికి ఇంట్లో దీపం లేదు. ఆమె తలుపు దగ్గరే కూర్చుని ఉంది.

"ఇంటికాడ ఉండమన్నారు" అంది.

ఈరప్ప బూట్లు విప్పుతూ ఆగాడు. ఎందుకని అడగలేదు. కొంచెంసేపటికి "హిందూపురం పోదాం. తోలు డాక్టరు ఉంటారంట" అన్నాడు.

"కాలినచోటు మానింది గదా. మళ్లా డాక్టరేంటికి?"

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. కానీ తిమ్మప్ప అన్న మాట ఆమె మనసులోంచి పోలేదు. తగ్గినాక రమ్మన్నారు. తగ్గితే చాలు, పోవచ్చు. మరి తగ్గాలంటే ఆ గింజలు పోవాలి. వాటంతట అవి పోవడంలేదు గనుక తనే తీసేయాలి. ఆలోచన అలా ఒక్కొక్క మెట్టూ దిగింది.

మరుసటి పొద్దున ఈరప్ప పనికి పోయాక, వాకిట్లో వెలుతురుకు అద్దం ఆనించి పెట్టుకుని, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. చీరకొంగుతో తుడిచింది. దవడ దగ్గరి గింజను గుచ్చి నొక్కింది. చిన్న తెల్ల పూస ఒకటి బయటికి వచ్చింది. చీము లేదు. గోటి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇంత గింజ కోసమా తనను ఇంటికి పంపింది అనుకుంది. ఆ సంతోషంలో ఇంకొకటి తీసింది, ఇంకొకటి. కొన్ని వచ్చాయి. కొన్ని రాక, నెత్తురు వచ్చింది. చివరికి కంటి కిందివాటి దాకా పోయింది. అక్కడ చర్మం పలచగా జారుతూ ఉండడంతో, బిగించి పట్టుకుని గుచ్చింది.

రెండోనాటికి చెంప ఉబ్బింది. ఆ తర్వాత కన్ను మూసుకుపోయింది. జ్వరంతో ఒళ్లు కాలింది. ఈరప్ప చూశాడు. బయటికి పోయి కూతురికి ఫోను చేశాడు. పుష్ప ధర్మవరంలో దొరికిన మొదటి బండి పట్టుకుని వచ్చింది.

"ఎంత పని చేసినావమ్మా!"

"తగ్గితే రమ్మన్నారు పుష్పా" అంది ఆదెమ్మ. పుష్ప తల్లి చీర మార్చి, ఆమెను లేవదీసింది.

హిందూపురం బస్సులో ఆదెమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. కుదుపుకు కొంగు జారినప్పుడు పక్కనున్న ఆమె చూసి, సంచి తీసుకుని ముందు సీటుకు పోయింది. పుష్ప కోపంగా లేవబోయింది. ఆదెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆసుపత్రి వరసలో సగం మంది కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. తన ముఖం గురించేనేమో అని ఆదెమ్మకు అనిపిస్తూనే ఉంది. పిలుపు వచ్చింది. చర్మం డాక్టరు సాయిసుధ వయసులో పుష్ప కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది, అంతే. కొంగు తొలగించి, లైటు దగ్గరికి జరిపి, భూతద్దంతో చెంప అంతా చూసింది.

"ఎవరు గుచ్చారమ్మా?"

"నేనే మేడమ్. పిన్నీసుతో."

"కన్ను తెరవండి. నా వేలు కనిపిస్తోందా? కనుగుడ్డు కదిపితే నొప్పి ఉందా?" అని ఒక్కొక్కటీ అడిగి చూశాక ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "చూపుకు ఏమీ కాలేదు. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. కంటి చుట్టూ చర్మం ఉల్లిపొరలాంటిది. అక్కడ చీము పడితే లోపలికి దిగుతుంది. అర్థమైందా?"

ఆదెమ్మ తల ఊపింది. పిన్నీసు దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో పుష్ప చెప్పింది. గంజి పడటం, గింజలు, నూనె, బడి, అన్నీ. డాక్టరమ్మ మధ్యలో మాట్లాడకుండా వింది. అంతా అయ్యాక ఆదెమ్మ తల ఎత్తి, దారిపొడుగునా మోసుకొచ్చిన ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇవి పిల్లోళ్లకు అంటుకుంటాయా మేడమ్?"

"లేదమ్మా."

"అన్నంలో గానీ, చేతుల్లోంచి గానీ?"

"ఏ రకంగానూ అంటుకోవు. మీ మొగుడికి అంటుకోవు, పిల్లకు అంటుకోవు, బడిపిల్లలకు అంటుకోవు. ఇది రోగమే కాదు."

ఆదెమ్మ ఏడ్చింది. వాచిన కంట్లోంచి కూడా నీళ్లు వచ్చాయి. డాక్టరమ్మ దూది ఇచ్చి, ఆమె తేరుకునేదాకా ఆగింది.

"మన చర్మం పైపొర రోజూ రాలిపోతూ ఉంటుంది. కాలినచోట కొత్త చర్మం వచ్చేటప్పుడు, అట్లా రాలాల్సింది కొంత బయటికి దారిలేక లోపలే చిక్కుకుపోతుంది. అదే గట్టిపడి తెల్లటి గింజ కడుతుంది. మిలియా అంటాం. మొటిమకైతే నోరు ఉంటుంది, నొక్కితే వస్తుంది. దీనికి నోరు లేదు. మీరు ఎంత నొక్కినా చర్మమే నలుగుతుంది. కాలకుండా కూడా వస్తాయి కొందరికి, కళ్ల కింద. పుట్టిన పిల్లల ముక్కు మీద చూడలేదా ఎప్పుడైనా?"

ఆదెమ్మకు గుర్తొచ్చింది. పుష్ప పుట్టినప్పుడు ముక్కు మీద సన్నగా తెల్లటి చుక్కలు ఉండేవి. పాలచుక్కలు, తాకొద్దు అని వాళ్లమ్మ చెప్పింది. ఎప్పుడు పోయాయో కూడా ఎవరూ గమనించలేదు.

"ఇవీ అట్లాంటివే. చాలావరకు వాటంతట అవే పోతాయి. పెద్దవాళ్లలో కొన్ని నెలలు పట్టొచ్చు. పోకపోతే మేము తీస్తాం. శుభ్రం చేసిన సూదితో, పై పొర మాత్రం తెరిచి. కానీ ఇప్పుడు కాదు. ముందు ఈ వాపు తగ్గాలి." మందులు రాస్తూ ఆగి, "ముఖానికి ఇంకేం పూశారు?" అని అడిగింది.

పుష్ప సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి, తర్వాత పుష్ప ముఖం వైపు చూసింది.

"నువ్వూ ఇదే పూస్తున్నావా?"

పుష్ప అవునని తల ఊపింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"అంగట్లో చేరినప్పటి నుంచి మేడమ్."

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. జబ్బుకు కొన్నాళ్ల కోసం మేము రాసే మందు. ముఖానికి రోజూ పూసే క్రీము కాదు. మొదట తెల్లగా, నున్నగా చేస్తుంది. తర్వాత చర్మాన్ని పలచన చేస్తుంది, ఎర్రగా మార్చుతుంది. ఈ గింజలకు పనికిరాదు సరికదా, దీనివల్ల కూడా ఇట్లాంటివి రావచ్చు. అమ్మ కొన్ని వారాలే పూసింది, ఈ రోజే ఆపేయాలి. నీ సంగతి వేరు. ఆపగానే ముఖం ఎర్రబడి, పొక్కులు లేస్తాయి. అప్పుడు భయపడి మళ్లీ పూస్తే బయటపడలేవు. నా దగ్గరికి వస్తూ ఉండు, చూసుకుంటాను."

పుష్ప చెంపల మీద చెయ్యి పెట్టుకుంది.

మాత్రలతో వాపు దిగింది. కన్ను తెరుచుకుంది. పుండ్లన్నీ ఆరాక మళ్లీ పోయినప్పుడు, డాక్టరమ్మ ఆదెమ్మను బల్ల మీద పడుకోబెట్టి, మిగిలిన గింజల్లో కొన్ని తీసింది. చీమ కుట్టినంత నొప్పి. కంటి అంచుకు దగ్గరగా ఉన్నవాటిని తాకలేదు. "ఇవి వాటికవి పోతాయేమో చూద్దాం. తొందరేముంది?" అంది. తను పిన్నీసుతో పొడుచుకున్న చోట ఒక చిన్న గుంట మాత్రం మిగిలింది. అది పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

లేచి కూర్చున్నాక ఆదెమ్మ అడిగింది. "ఇంక రావా మేడమ్?"

"రావని చెప్పలేనమ్మా. కాలిన చర్మం. ఒకటీ అరా మళ్లీ రావచ్చు. ఈ చెంపకు నూనె, వెన్నలాంటి జిడ్డు క్రీములు వద్దు. మెత్తటి సబ్బుతో కడుక్కోండి, బట్టతో రుద్దకండి, అద్దుకోండి. పొడిగా ఉంటే నేను రాసిచ్చిన పలచటి క్రీము చాలు. ఎండలో కొంగు కప్పుకోండి. వచ్చినా గిల్లొద్దు. అంతే."

మళ్లీ రావచ్చు. తిరుగు బస్సులో ఆదెమ్మ ఆ మాటే తలుచుకుంటూ కూర్చుంది.

బడి కమిటీ కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. ఈరప్ప సెలవు పెట్టి వెంట వచ్చి, వేపచెట్టు కింద నిలబడ్డాడు. వరండాలో తిమ్మప్ప, మురళి సారు, కొందరు తల్లులు. బాలమ్మ గిన్నెలు తోముతూ లేచి నిలబడింది.

తిమ్మప్ప ఆమెను చూసి మనస్ఫూర్తిగానే సంతోషించాడు. "శుభ్రంగా పోయినాయే! ఇంకేమమ్మా, సోమారం నుంచి వచ్చెయ్."

ఆదెమ్మ కదలలేదు. "ఒక మాట అడగల్లప్పా."

"అడుగమ్మా."

"పోయినాయని రమ్మంటాండారా, అంటుకోవని రమ్మంటాండారా?"

తిమ్మప్ప నవ్వబోయి ఆగాడు. "రెండూ ఒకటే గదా."

"ఒకటి గాదప్పా. కాలిన తోలు. మళ్లా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. మళ్లా వస్తే మళ్లా ఇంటికాడ ఉండమంటారా?"

తిమ్మప్ప మురళి సారు వైపు చూశాడు. ఆదెమ్మ ఆగలేదు.

"అవి అంటుకునేవి గాదు. ఈ పొద్దు గాదు, ఆ పొద్దు గూడా గాదు. ఆ మాట మీరు నమ్మితే చెప్పండి, వస్తా. మొగం నున్నగా ఉండాదని అయితే నేను రాను."

ఒక తల్లి అంది, "మరి మా పిల్లోనికి గజ్జి ఎట్లొచ్చె?"

దానికి మురళి సారు జవాబు చెప్పాడు. "ఆదెమ్మ ఇంటికాడ ఉన్నప్పుడే ఇంకో ముగ్గురికి వచ్చింది గదమ్మా. నర్సమ్మ వచ్చి మందు ఇచ్చి, ఇంట్లో అందరూ పూసుకోవాలని చెప్పింది. పూసుకున్న ఇళ్లల్లో తగ్గింది. దానికీ దీనికీ సంబంధం లేదు." కాస్త ఆగి, "ఆ పొద్దే నేను కనుక్కొని చెప్పాల్సింది" అన్నాడు.

అప్పుడు బాలమ్మ వచ్చి ఆదెమ్మ పక్కన నిలబడింది. చేతులకు ఇంకా బూడిద ఉంది. "ఆ గంజి నా మీద పడాల్సింది. అక్క లాక్కుంది. అది మీకందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. తెలిసి గూడా ఆ పొద్దు నేను తల ఎత్తలేదు" అంది.

తిమ్మప్ప టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. "సరేలేమ్మా. మళ్లా వచ్చినా ఏం లేదులే. వచ్చి వండు" అన్నాడు.

అది క్షమాపణ కాదు. ఆదెమ్మకూ ఆ సంగతి తెలుసు. అడిగిన మాట నలుగురిలో వచ్చింది, చాలనుకుంది. బాలమ్మతో మాత్రం చాలారోజులు పని మాటలే మాట్లాడింది. సంగటి కలిపి తినిపించిన చెయ్యి అదే, గరిటె పట్టుకుని పప్పులోకి చూసిన చెయ్యీ అదే. రెండూ మరిచిపోవడం ఆమెకు చేతకాలేదు. ఒకరోజు బాలమ్మ జ్వరంతో పనికి వస్తే, "ఇంటికి పోమే, నేను చూసుకుంటా" అని కసిరింది. ఆ కసురుతో మళ్లీ మాటలు కలిశాయి.

వంటగదిలో ఇప్పుడు గంజి వార్చరు. ఎసరు కొలిచి పోసి వండుతారు. బియ్యం పాతవా కొత్తవా అని చూసుకోవాలి, అంతే తేడా. ఆ రెండు మూడు ఇళ్ల పిల్లలు మాత్రం ఈసారి ఇంటి నుంచే డబ్బాలు తెచ్చుకుంటున్నారు. ఎవరూ కారణం చెప్పడంలేదు. ఆదెమ్మ వాళ్లకు కూడా గ్లాసుల్లో నీళ్లు పోసి పెడుతుంది. తాగేవాళ్లు తాగుతారు.

దసరా ముందు ఆమె చెంప ఎముక మీద మళ్లీ ఒక గింజ కనిపించింది. చూసుకుంది, చల్లటి నీళ్లతో కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్దుకుని బడికి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆమె ధర్మవరం పోయింది. పుష్ప గది తలుపు తీసిన తీరులోనే ఏదో తేడా ఉంది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది. తీసి చూపించింది. ట్యూబు మానేశాక బుగ్గలు ఎర్రగా కందిపోయి, పొట్టు రేగి ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగిందని, మందు మారుస్తూ ఉందని, నెలలు పడుతుందని చెప్పింది.

"మళ్లా పూసినావా?"

"లేదమ్మా. ఒకరోజు చేతిలోకి తీసుకున్నా. పారేసినా."

ఆదెమ్మ ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. కొంచెంసేపటికి పుష్ప తనే చెప్పింది. "నన్ను ముందర్నుంచి తీసేసినారమ్మా. వెనక గదిలో చీరలు మడతబెట్టే కాడ ఉండమన్నారు. గిరాకీలు చూస్తే బాగుండదంట."

"నువ్వేమన్నావు?"

"ఏమనల్ల? తగ్గినాక రమ్మన్నారు."

ఆదెమ్మ కూతురి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. కిటికీ బయట మగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉంది.

"అడగల్ల పుష్పా" అంది. "ఇయ్యరేమో. అయినా అడగల్ల."

మరుసటి వారం పుష్ప చున్నీ తీసేసి యజమాని ముందు నిలబడి, ముందరి చోటు మళ్లీ ఇమ్మని అడిగింది. పండగ గిరాకీ అయ్యాక చూద్దామన్నాడాయన. పండగ అయిపోయింది. పుష్ప మళ్లీ పోయి అడిగింది.